చప్పుడు మారే చోటు

జగ్గయ్య ఏ చెక్కనైనా ముందు కొట్టి చూస్తాడు. కుడిచేతి మధ్యవేలు మడిచి, కణుపుతో రెండుసార్లు కొడతాడు. తల పక్కకు వాల్చి కాసేపు ఆగుతాడు. ఆ తర్వాతే ఆ చెక్క గురించి మాట్లాడతాడు. పడవ పలకే కానక్కరలేదు. కొత్త ఇంటి తలుపైనా, పెళ్లిలో పెట్టిన మంచమైనా, బస్సు సీటు వెనక ప్లైవుడ్డు ముక్కైనా అంతే. ఒకసారి కంచరపాలెంలో బంధువుల ఇంటికి వెళ్లి, వాళ్లు మురిపెంగా చూపించిన బీరువాను కూడా అలాగే కొట్టి తల వాల్చాడు. అది ఇనప బీరువా. అతని భార్య చిట్టమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

అతనిది విశాఖపట్నం జాలరిపేట. తండ్రి వేటకు వెళ్లేవాడు. జగ్గయ్యకు మాత్రం పడవెక్కితే వాంతులయ్యేవి. జాలరి ఇంట్లో పుట్టి సముద్రం పడనివాడిని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. చివరికి ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డు పనికి పెట్టారు. మరబోట్లను ఒడ్డుకు లాగి బాగుచేసే చోట, పలకల మధ్య సందులు మూసే పని. ఎంత నున్నగా చిత్రిక పట్టినా రెండు పలకల మధ్య కొంచెం సందు మిగులుతుంది. సముద్రానికి అది చాలు.

పనిముట్లు రెండే. అంచు మొద్దుగా ఉండే ఉలి, కొయ్య సుత్తి. పత్తిని తాడులా పేని, సందు మీద పెట్టి, ఉలితో లోపలికి దిగగొట్టాలి. అలా పేనిన తాడును పేట అంటారు. ఒక పేట మీద మరో పేట. సందు నిండాక పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పూయాలి. ఆ ముద్ద పేరే ఈ పనికి పేరైంది. పని పేరే మనిషికి వచ్చింది. హార్బర్‌లో అతన్ని గుగ్గిలం జగ్గయ్య అంటారు.

మొదటి పేట దిగేటప్పుడు చప్పుడు మెత్తగా ఉంటుంది, తడి ఇసుకలో అడుగు వేసినట్టు. రెండో పేటకు కొంచెం గట్టిపడుతుంది. ఆ పైన ఎక్కడో ఒక దెబ్బకు చప్పుడు మారుతుంది. ఖంగుమంటుంది. పలక పొడుగునా పాకుతుంది. అక్కడ ఆపాలి. అంతకు ముందే ఆపితే నీళ్లు కారతాయి. ఆ తర్వాత కూడా కొడితే పలకకు చోటుండదు. చెక్క నీళ్లలో పడ్డాక నీళ్లు తాగుతుంది, ఉబ్బుతుంది. ఉబ్బే చోటు లేకపోతే మేకులను లాక్కుని బయటికి వస్తుంది.

ఆ దెబ్బ ఏదో కంటికి తెలియదు. చేతికి కొంత తెలుస్తుంది. చెవికే పూర్తిగా తెలుస్తుంది.

జగ్గయ్యకు అరవై దాటాక చెవులు పోవడం మొదలైంది. ఏళ్ల తరబడి సుత్తి చప్పుడు చెవి పక్కనే ఉంది. ముందు కుక్కరు విజిలు పోయింది. తర్వాత ఫోను. తర్వాత, వీధిలో వెనక నుంచి పిలిచేవాళ్లు. అతను ఎవరికీ చెప్పలేదు. హార్బర్‌లో ఇంజన్ల హోరుకు అందరూ అరిచే మాట్లాడతారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. బాగుచేయడానికి వచ్చేవి పాత బోట్లు. వాటి పలకలు అప్పటికే ఎన్నో ఏళ్లు సముద్రం తాగినవి. వాటి సందులు అతని చేతికి తెలుసు. ఎవరైనా జోకు వేస్తే పక్కవాళ్ల ముఖాలు చూసి నవ్వేవాడు. ఎవరేమన్నా ఎదురు చెప్పేవాడు కాదు. దాంతో జాలరిపేటలో చాలా నెమ్మదైన మనిషని పేరు వచ్చింది.

చిట్టమ్మకు తెలుసు. ఆమె అతనితో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి నిలబడడం అలవాటు చేసుకుంది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒక రోజు అర్జునరావు ఇంటికి వచ్చాడు. పడవలు కట్టే మేస్త్రి. వరసకు బావ కాకపోయినా జగ్గయ్యను బావ అనే పిలుస్తాడు. అరుగు మీద కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"బావా, ఓడ కడతన్నాం. భీమిలి కాడ, ఏటి ఒడ్డున. తెరచాపల ఓడ. యుద్ధం ఓడ."

జగ్గయ్య నవ్వాడు.

"నవ్వుతావేటి? నిజంగానే. రెండు తెరచాప కొయ్యలు, పక్కలకి ఫిరంగులు."

జగ్గయ్య మళ్లీ నవ్వాడు. చిట్టమ్మ లోపలి నుంచి వచ్చి భర్త ముందు నిలబడింది. "ఓడకి గుగ్గిలం పని ఉన్నాదట. రమ్మంటన్నాడు."

"యుద్ధం ఓడా? ఎవల మీద యుద్ధం?" అన్నాడు జగ్గయ్య.

"టిక్కెట్టు కొనుక్కున్నోల మీద," అన్నాడు అర్జునరావు.

పాతకాలపు యుద్ధనౌకలు ఎలా ఉండేవో జనానికి చూపించాలని ఒక సంస్థ అనుకుంది. బొమ్మ ఓడ పెట్టడం వాళ్లకు ఇష్టం లేదు. చిన్నదైనా సరే, పాత పద్ధతిలో చెక్కతో కట్టింది, గాలికి నడిచేది కావాలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట పాకలు వేశారు. దాన్ని గీసిన ఇంజినీరు గౌరీశ్వరి. తగరపువలసలో రైతుల అమ్మాయి. ఓడలు కట్టే చదువు చదివింది. ముప్పై దాటిందో లేదో. అందరినీ బాబాయ్ అంటుంది, పిన్నీ అంటుంది, కానీ చెక్కలో పగులు కనిపిస్తే ఆ చెక్కను వెనక్కు పంపేస్తుంది.

పత్తి పేనడానికి మనిషి కావాలన్నారు. చిట్టమ్మ కూడా వచ్చింది. ఇద్దరూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని భీమిలి బస్సెక్కేవారు.

జగ్గయ్య అక్కడికి వెళ్లేసరికి ఓడకు అడుగు దూలం పడింది. దాని మీద రెండు వైపులా పక్కటెముకల్లాంటి వంపు కర్రలు నిలబెడుతున్నారు. వాటికి తుమ్మ వాడారు. వంపును రంపంతో కోస్తే కర్ర బలం పోతుంది. చెట్టే ఆ వంపులో పెరిగి ఉండాలి. అందుకని అర్జునరావు ఊళ్లు తిరిగి వంకర తుమ్మలు వెతికాడు. నిటారు మాను చూపిస్తే వద్దనేవాడు. చేలగట్ల మీద పనికిరావని వదిలేసిన చెట్లు చూపిస్తే సంబరపడేవాడు. రైతులు అతనికి మతి పోయిందనుకున్నారు.

పక్కలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలాయి. అర్జునరావుకు అది నచ్చలేదు.

"ఇదేటమ్మా, పక్కలు లోపలికి ముడుసుకుపోనాయి? పడవంటే పైకి ఇప్పారాల కదా."

"ఫిరంగుల బరువు బాబాయ్. ఒక్కొక్కటి ఏనుగంత ఉండేది. అంచు మీద పెడితే గట్టి కెరటానికి ఓడ పక్కకి దొర్లిపోతుంది. బరువు మధ్యకి జరగాలి. అందుకని పక్కలు వాల్చేవారు."

"మనవి ఫైబరు ఫిరంగులు కదమ్మా. ఒక్కసేత్తో ఎత్తీసినాను నాను."

"ఫిరంగులు ఉత్తుత్తివే, ఆకారం మాత్రం పాతదే ఉండాలి. పైగా తెరచాపలు నిజమైనవి కదా. గాలి తోస్తే నిలబడాలంటే అడుగున బరువు ఉండాలి."

ఆ బరువు కోసం ఉక్కునగరం వైపు నుంచి లారీలో ఇనప దిమ్మలు వచ్చాయి. పూర్వం రాళ్లు వేసేవారట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గౌరీశ్వరి అలాంటివి చెప్పేది. ఫిరంగి పేలగానే ఎద్దులా వెనక్కు తన్నుకొస్తుంది, దాన్ని మోకులతో ఓడ పక్కకు కట్టి ఉంచేవారు, మళ్లీ మందు కూరి అందరూ కలిసి ముందుకు లాగేవారు. గాలి వాటం మారితే కొయ్యల మీదికి ఎక్కి తెరచాపలు చుట్టేవారు. యుద్ధం జరిగేటప్పుడు నీటిమట్టం దగ్గర, లోపలి వైపు, మనిషి పట్టేంత దారి ఉంచేవారు. వడ్రంగులు దీపాలు పట్టుకుని ఆ దారిలో తిరిగేవారు. గుండు తగిలి చిల్లు పడితే కొయ్య బిరడా కొట్టి, సందులో నార కూరేవారు. పైన ఎవరు గెలుస్తున్నారో వాళ్లకు తెలిసేది కాదు. నీళ్లు వస్తున్నాయా లేదా, అంతే తెలిసేది.

జగ్గయ్య ఆమె పెదాలు చూస్తూ తల ఊపేవాడు. సాయంత్రం బస్సులో చిట్టమ్మ అవన్నీ మళ్లీ చెప్పేది. వడ్రంగుల దారి గురించి అతను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

పలకలు బిగించడం అయ్యాక అతని పని వచ్చింది. ముందు ఎడమ పక్క మొదలుపెట్టాడు. ఇంత పెద్ద పని అతనికి ఎప్పుడూ దొరకలేదు. ఓడ ముందు భాగాన్ని జాలర్లు అణియం అంటారు. అక్కడి నుంచి వెనక చుక్కాని దాకా వరసలు వరసలుగా సందులు. కొత్త టేకు. ఒక్క చుక్క నీరు ఎరగని ఎండు పలకలు. ప్రతి పలకనూ కణుపుతో కొట్టి, తల వాల్చి, ఆగి, అప్పుడు ఉలి పెట్టేవాడు. చూసేవాళ్లకు అతను వింటున్నట్టే ఉండేది. నిజానికి అతను చేతికి వచ్చే అదురును బట్టి పని లాగించాడు. పాత బోట్ల మీద అది సరిపోయింది. ఎండు టేకు మీద చేతికి ప్రతి దెబ్బా ఒకేలా తగిలింది.

ఎడమ పక్క పూర్తయ్యాక పరీక్ష. ఓడను నీళ్లలోకి దించకుండా, లోపల నడుమ టార్పాలిన్ అడ్డు కట్టి ఎడమ వైపు నీళ్లు పోశారు. బయట ఎక్కడ కారుతుందో చూడాలి. మొదటి రోజు చాలాచోట్ల కారింది. కొత్త చెక్క కారక మానదని అర్జునరావు అన్నాడు. రెండో రోజుకు చెక్క నీళ్లు తాగి కొన్ని సందులు మూసుకున్నాయి. కొన్ని మూసుకోలేదు. మూడో రోజు పొద్దున, అణియం దగ్గర నాలుగైదు పలకలు పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చాయి. మేకుల తలలు పైకి లేచాయి.

ఒకచోట పత్తి చాలలేదు. ఒకచోట మితిమీరింది. గౌరీశ్వరి ఓడ పక్కన నడుస్తూ రెండూ చూసింది. జగ్గయ్య ఉబ్బిన పలక ముందు నిలబడి ఉన్నాడు.

"బావా," అన్నాడు వెనక నుంచి అర్జునరావు.

జగ్గయ్య కదల్లేదు.

"బావా! నిన్నే!"

అర్జునరావు కింద పడి ఉన్న పెద్ద సుత్తి తీసుకుని, జగ్గయ్య వీపు వెనక ఉన్న ఇనప డ్రమ్ము మీద బలమంతా పెట్టి కొట్టాడు. పాకలో పనిచేస్తున్నవాళ్లంతా ఉలిక్కిపడి చూశారు. ఏటి ఒడ్డున కొంగలు లేచిపోయాయి. జగ్గయ్య పలక వైపే చూస్తూ ఉన్నాడు.

"ఇనబడదు," అంది చిట్టమ్మ. "సానాళ్లయిపోనాది."

జగ్గయ్య వెనక్కు తిరిగి అందరి ముఖాలూ చూశాడు. అర్జునరావు చేతిలో సుత్తి చూశాడు. ఈసారి నవ్వలేదు. ఉలిని గుడ్డతో తుడిచి సంచిలో పెట్టాడు. కొయ్య సుత్తి పెట్టాడు.

"ఇంకొకల్ని సూసుకోండమ్మా," అన్నాడు. "నాను సెడగొట్టీసినాను."

ఆ ఓడ ఏట్లోకి దిగాలంటే పున్నమికో అమావాస్యకో వచ్చే పెద్ద పోటు కావాలి. మిగతా రోజుల్లో అక్కడ అంత లోతు ఉండదు. దించాలనుకున్న పున్నమి దగ్గరలోనే ఉంది. సంస్థవాళ్లు ఫోనులో, పత్తికి బదులు సందుల్లో ట్యూబు గమ్ము పెట్టే కుర్రాళ్లను పంపుతామన్నారు. గమ్ము మంచిదే గాని, పాత పద్ధతిలో కడతామని చెప్పి మొదలుపెట్టిన ఓడకు అది పెట్టడం గౌరీశ్వరికి మనసొప్పలేదు. కాకినాడలో ఈ పని తెలిసిన పెద్దాయన ఒకరున్నారంటే ఫోను చేసింది. ఆయనకు మోకాళ్లు వంగడం లేదట.

"ఆయనకి సెవులున్నాయి, మోకాళ్లు లేవు," అన్నాడు అర్జునరావు. "మనోడికి మోకాళ్లున్నాయి, సెవులు లేవు. ఇద్దర్నీ కలిపితే ఒకడు."

ఎవరూ నవ్వలేదు. చిట్టమ్మ చేతిలోని పత్తి కింద పెట్టింది.

"ఆ సప్పుడు నాకు తెలుసు," అంది. "పెళ్లయినకాడి నుంచి ఇంటన్నాను. హార్బరుకి కూడు పట్టుకెళ్లి అక్కడే కూకుండీదాన్ని. ఆ సప్పుడు మారితేనే లేసి తినడానికొచ్చీవోడు. ఇప్పుడూ నాను ఇంటాను. ఆయన కొడతాడు."

"ఇంట్లో నువ్వు కొడతావు, ఆడు ఇంటాడు కదే," అన్నాడు అర్జునరావు. "ఇక్కడ తిరగేసినారేటి?"

ఈసారి గౌరీశ్వరికి నవ్వు వచ్చింది. ఆమె జగ్గయ్య ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఫిరంగుల దగ్గర పనిచేసేవాళ్లకి చెవులు పోయేవి బాబాయ్. తలకి గుడ్డ చుట్టుకునేవారు, అయినా పోయేవి. పక్కవాడి చెయ్యి చూసి తోసేవారు, లాగేవారు. ఓడ నడిచేది."

జగ్గయ్యకు సగం అర్థమైంది. అర్జునరావు అతని ఎదురుగా వచ్చి, ఒక్కో మాటకూ నోరంతా తెరిచి అరిచాడు.

"బావా! యుద్ధం ఓడలో సెవుడోలకే ఉజ్జోగాలంట!"

జగ్గయ్య సంచి వైపు చూశాడు. చిట్టమ్మ అప్పటికే దాన్ని తీసి ఉలి బయట పెట్టింది.

పని అనుకున్నంత తేలికగా కుదరలేదు. అతని చూపు సందు మీద ఉండాలి. చేతులు రెండూ పనిలో ఉంటాయి. చిట్టమ్మ చెయ్యి ఊపితే చూసేలోగా ఇంకో రెండు దెబ్బలు పడిపోయేవి. అందుకని ఆమె వల అల్లే నైలాను దారం తెచ్చి, ఒక కొస అతని చీలమండకు కట్టింది. రెండో కొస తన వేలికి చుట్టుకుంది. చప్పుడు మారగానే లాగుతుంది. అతను ఆపుతాడు.

"మేకని కట్టినట్టు కట్టీసినాది సూడండర్రా," అన్నాడు అర్జునరావు.

"నోరు మూసుకోరా అన్నా," అంది చిట్టమ్మ. "నీ గోలలో ఏటీ ఇనబడతలేదు."

అది నిజమే. పాకలో రంపం మిషను అరుస్తోంది. జనరేటరు మోగుతోంది. కుర్రాళ్లు ఫోనులో పాటలు పెట్టారు. మొదటి పూట ఆమె రెండుసార్లు తప్పుగా లాగింది. రెండుచోట్లా పత్తి పీకి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

గౌరీశ్వరి వెళ్లి జనరేటరు ఆపేసింది. కాసేపటికి రంపం మిషను ఆగింది. ఆపమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రమే పని వేళలు మార్చుకున్నారు. కోతపని అంతా పొద్దున్నే. ఎండ ఎక్కాక చప్పుడు లేని పనులు. మోకులు పేనేవాళ్లు మోకులు పేనారు. తెరచాప గుడ్డలు కుట్టేవాళ్లు కుట్టారు. రంగు వేసేవాళ్లు రంగు వేశారు. పలకలు మోసేవాళ్లు వాటిని పసిపిల్లల్ని దించినట్టు దించారు. పాటలు ఆగిపోయాయి. అందరికంటే కష్టం అర్జునరావుకే వచ్చింది. నోరు మూసుకుని బతకడం అతనికి తెలియదు. జోకు తన్నుకొస్తే చేతులతో చెప్పేవాడు. కుర్రాళ్లు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

జగ్గయ్య ఒకసారి నడుము నొప్పికి తల ఎత్తి చూశాడు. రంపం మిషను మీద గోనె కప్పి ఉంది. మనుషులు మునివేళ్ల మీద నడుస్తున్నారు. ఒకతనికి దగ్గు వస్తే ఏటి దాకా పరుగెత్తి అక్కడ దగ్గి వచ్చాడు. నోళ్లు మూసి ఉన్నాయి. అంతమంది ఎందుకు అలా ఉన్నారో అతనికి అప్పుడు తెలిసింది. ఆ నిశ్శబ్దం అతనికి వినబడదు. కనబడింది.

చాలాసేపు ఉలి ఎత్తలేకపోయాడు. చీలమండ దగ్గర దారం కదిలింది. చిట్టమ్మ ఎందుకు ఆగావన్నట్టు చూస్తోంది. అతను మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.

ఎడమ పక్కంతా పాత పత్తి పీకేశారు. ఉబ్బిన పలకలు ఆరబెట్టి మళ్లీ బిగించారు. కొత్త పత్తి దిగింది. కుడి పక్క దిగింది. రోజులు గడిచేకొద్దీ దారం లాగడానికి ముందే అతని చెయ్యి నెమ్మదించడం మొదలైంది. ఆమె వేలు కదలబోతోందని దారానికి ముందే అతనికి ఎలా తెలిసేదో అతను చెప్పలేడు. గుగ్గిలం కాచి పూశారు. పున్నమికి ముందు రోజు ఓడ నల్లటి సందులతో, ఎర్ర మట్టి రంగు పక్కలతో నిలబడింది. ఈసారి నీళ్లు పోసి చూసే వ్యవధి లేదు. ఇక ఏరే పరీక్ష పెట్టాలి.

"కారితే?" అని అడిగాడు జగ్గయ్య, గౌరీశ్వరిని.

"పంపులున్నాయి," అంది ఆమె. తర్వాత అతను చదవగలిగేలా నెమ్మదిగా అంది. "కారితే నలుగురం ఉన్నాం బాబాయ్."

పున్నమి శనివారం పడింది. పొద్దుటి పోటుకు ఏరు ఒడ్డు దాకా నిండింది. అణియానికి పసుపు రాసి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టారు. ఓడ కింద దుంగలకు సబ్బు, కొవ్వు పూసి ఉంచారు. మోకులు పట్టుకుని అందరూ లాగారు. జగ్గయ్య కూడా ఒక మోకు పట్టుకున్నాడు. అందరి నోళ్లు ఒకేసారి తెరుచుకుంటున్నాయి, ఒకేసారి మూసుకుంటున్నాయి. ఆ కేక అతనికి మోకులోంచి అరచేతుల్లోకి వచ్చింది. ఓడ ముందు కదలనంది. తర్వాత కొంచెం కదిలింది. తర్వాత ఎవరూ లాగకుండానే వెళ్లిపోయి నీళ్ల మీద కూర్చుంది.

గౌరీశ్వరి టార్చి పట్టుకుని అడుగుకు దిగింది. జగ్గయ్య ఆమె వెనకే దిగాడు. ఇనప దిమ్మల మధ్య వంగి, పలక పలకనూ అరచేత్తో తడిమాడు. సందుల వెంట నీళ్లు చెమటలా పట్టి ఉన్నాయి. కింద ఒకచోట సన్నని ధార. పంపు పెట్టారు. కొత్త చెక్క తాగాలి. తాగి ఉబ్బాలి. ఎంత తాగుతుందో, ఎప్పుడు చాలనుకుంటుందో దానికే తెలియాలి. ఇద్దరూ దిమ్మల మీద కూర్చున్నారు. పైన ఒకరి తర్వాత ఒకరు వచ్చి, దిగే కన్నంలోంచి తొంగిచూసి పోతున్నారు.

ఎండ వాలేసరికి చెమట తగ్గింది. ధార చుక్కలైంది. చుక్కలు ఆగాయి. గౌరీశ్వరి పంపు ఆపి, టార్చి వెలుగు పలకల మీద అటూ ఇటూ నడిపించింది. ఎడమ పక్కన, అణియం దగ్గర, ఇంతకు ముందు ఉబ్బిన చోట చాలాసేపు వెలుగు నిలిపింది. పలకలు సమంగా ఉన్నాయి. మేకులు తమ చోట తాము ఉన్నాయి. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది.

పైన చిన్న తెరచాప ఒకటి ఎత్తారు. అంత గాలి లేదు. అయినా గుడ్డ నిండింది. ఒడ్డున కట్టుకొయ్యలకు బిగించిన మోకులను ఓడ కొంచెం లాగింది, వెళతానన్నట్టు. అర్జునరావు ఫైబరు ఫిరంగి మీద కాలు పెట్టి, నోటితో ఢామ్మని పేల్చాడు. ఇన్ని రోజులు దాచుకున్న మాటలన్నీ ఆ సాయంత్రమే మాట్లాడాడు.

జగ్గయ్యకు గౌరీశ్వరితో ఏదో చెప్పాలని ఉంది. ఏ మాట చెప్పాలో తెలియలేదు. అతని ఇంట్లో అలాంటప్పుడు మాటలు చెప్పుకోరు, చేపలు పంపుకుంటారు. పొద్దున ఇంటి దగ్గర నుంచే ఐసు డబ్బాలో పెద్ద కోనాం చేప ముక్కలు తెచ్చి ఉంచాడు. డబ్బా ఆమె చేతికి ఇచ్చాడు.

"అయ్యో, మా ఇంట్లో శనివారం పూట చేప రానివ్వరు బాబాయ్," అంది గౌరీశ్వరి.

అతనికి వినబడలేదు. తృప్తిగా నవ్వాడు. ఆమె డబ్బాను రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్లింది.

బస్సులో చిట్టమ్మ ఆ సంగతి చెప్పింది. జగ్గయ్య కంగారుపడ్డాడు.

"మరెందుకు తీసుకున్నాది?"

"నువ్విచ్చినావని."

అతను కిటికీ వైపు తిరిగాడు. రుషికొండ దాటాక ఆమె వైపు తిరిగి, "పొద్దున్న నాతో హార్బరుకి వత్తావా?" అని అడిగాడు. ఆమె ఎందుకని అడగలేదు.

మర్నాడు పొద్దున హార్బర్‌లో వేలంపాట జోరుగా ఉంది. రొయ్యల బుట్టల మధ్య నుంచి ఇద్దరూ బోట్లు బాగుచేసే చోటికి నడిచారు. త్రినాథరావు అనే ఓనరు తన బోటును అప్పుడే ఒడ్డుకు లాగించి, చుట్టూ తిరుగుతూ చూసుకుంటున్నాడు. ఎన్నో ఏళ్లుగా జగ్గయ్యకు పని ఇచ్చిన మనిషి. అతన్ని చూసి ఏదో అన్నాడు. జగ్గయ్య తల ఊపలేదు. నవ్వలేదు. ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"నాకు సెవులు ఇనబడవు బాబూ," అన్నాడు. "ఈవిడ ఇంటాది. నాను కొడతాను. పనుంటే ఇద్దరం వత్తాం."

తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియలేదు. వేలంపాట ఆగింది. బోట్ల మీద వలలు సర్దుకుంటున్నవాళ్లు తలలెత్తారు. జెట్టీ చివరిదాకా అందరూ విన్నారు.